స్పాంజి పోలిగాడు: తొలి బొమ్మ కట్టేవాళ్ళకి నా అనుభవ పాఠాలు

స్పాంజి మీద మెత్తటి ఫ్లీస్ గుడ్డ కప్పి, నోరు తెరిచి మాట్లాడే బొమ్మ చెయ్యడం మన గోదావరి పక్క పుట్టిన విద్య కాదు. మనది తోలుబొమ్మ. కాకినాడ దగ్గర మాధవపట్నం ఆ ఆటకి పేరుపడ్డ ఊరు. రాయలసీమలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు శుద్ధి చేసి, చిల్లులు కొట్టి, రంగులద్దుతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ వెనక దీపం ఉంటుంది, ముందు తెర ఉంటుంది, పాట ఉంటుంది, ఆడించేవాళ్ళ కాళ్ళ కింద చెక్కల చప్పుడు ఉంటుంది. ఇవన్నీ కలిసి దాన్ని బతికిస్తాయి. స్పాంజి బొమ్మకి ఇవేమీ లేవు. పట్టపగలు, బడి గదిలో, పిల్లాడికి మూరెడు దూరంలో నిలబడి వాడి కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలి.

అందుకే ఈ బొమ్మకి చూపు, నోరు రెండే ప్రధానమని నా నమ్మకం. మిగతాది ఎంత అందంగా కుదిరినా ఈ రెండూ కుదరకపోతే అది దిండే.

బడిపంతులుగా ఉన్న రోజుల్లో సీసీఆర్‌టీ అనే కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ వాళ్ళ దగ్గర చేతి తొడుగు బొమ్మలు నేర్చుకున్నాను. స్పాంజి మీదకి తర్వాత వచ్చాను. ఇప్పుడు అమలాపురం నుంచీ రాజోలు నుంచీ అంగన్‌వాడీ టీచర్లు, బీఈడీ చదివే పిల్లలు మా అరుగు మీదకి వచ్చి నేర్పమంటారు. వాళ్ళకి చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. కత్తెర పట్టేముందు వాడెవడో తేల్చుకోండి

"ఏదో ఒక బొమ్మ" అని మొదలుపెడితే ఏదీ కాని బొమ్మ వస్తుంది. వాడి పేరేమిటి, గట్టిగా మాట్లాడతాడా గొణుగుతాడా, పిల్లలు వాణ్ని చూసి నవ్వాలా, వాడికే పాఠం చెప్పాలా? ఇవి తేలితే నోరు ఎంత వెడల్పో, కళ్ళు ఎంత పెద్దవో అవే తేలతాయి.

తొలిబొమ్మగా నేను జుట్టు పోలిగాణ్ని చెయ్యమంటాను. తోలుబొమ్మలాటలో రామాయణ భారతాల మధ్య చొరబడి, బంగారక్కతో కేతిగాడితో కలిసి జనాన్ని నవ్వించేవాడు వాడు. వాడికి పొంకమైన ముఖం అక్కర్లేదు. ముక్కు కాస్త పక్కకి పోయినా, ఒక చెంప ఉబ్బినా వాడికి అందమే. రాముణ్నో సీతమ్మనో తొలిసారే చెయ్యబోతే కుట్టు కుట్టుకీ భయపడుతూ కూర్చోవాలి.

2. కొలత మీ చేతిది

బొమ్మ ఎంతుండాలో పుస్తకంలో వెతక్కండి. నాలుగువేళ్ళూ దగ్గరగా చేర్చి, బొటనవేలు కింద పెట్టి, కొంగ ముక్కులా చెయ్యి పట్టండి. ఆ నాలుగువేళ్ళ వెడల్పు కొలవండి. దానికి అటూ ఇటూ ఒక్కో అంగుళం కలిపితే నోటి అట్ట వెడల్పు. పెద్దవాళ్ళ చేతికి ఐదున్నర నుంచి ఆరంగుళాల దాకా వస్తుంది. పిల్లలు ఆడించే బొమ్మయితే పిల్లల చేతినే కొలవాలి. పెద్దవాళ్ళ కొలతతో చేసి పిల్లల చేతికి తొడిగితే నోరు తెరవడానికే వాళ్ళ బలమంతా అయిపోతుంది, ఇక మాటేం మాట్లాడతారు?

కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాల గురించి మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. విగ్రహాలు పోతపోసే ఏ శిల్పి అయినా ముందు మట్టితో నమూనా చేసుకుని, చుట్టూ తిరిగి చూసుకున్నాకే పోతకి వెళతాడు. మనకి మట్టి బదులు పాత క్యాలెండరు అట్ట చాలు. అట్టతో తల కట్టి, చెయ్యి దూర్చి, అద్దంలో చూసుకున్నాకే స్పాంజి ముట్టుకోండి.

3. స్పాంజి

సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గర అర అంగుళం మందం షీటు అడగండి. అంగుళం మందంది తీసుకుంటే వంగదు, పావు అంగుళంది తల నిలబెట్టలేదు. పిండి వదిలితే గభాల్న పైకి లేచేది మంచి స్పాంజి. నెమ్మదిగా లేచేది, నలిపితే పొడి రాలేది వద్దు. సోఫా కొట్టులో కోతల తర్వాత మిగిలిన ముక్కలు తూకానికి ఇస్తారు. అవి చెవులకీ ముక్కులకీ పనికొస్తాయి.

తల కట్టే లెక్క ఇది. ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల ఎత్తు ఉన్న ముక్క తీసుకోండి. కింది సగం పట్టీలాగే వదిలెయ్యండి. పై సగాన్ని నాలుగు రేకులుగా గీయండి. ఒక్కో రేకు మొదట్లో ఐదంగుళాల వెడల్పు, పైకి పోనుపోను సన్నబడి మొన దేలాలి, అంచులు కాస్త ఉబ్బుగా వంపు తిరగాలి. మధ్యలో మిగిలిన ముక్కలు కోసెయ్యండి. రేకుల అంచులు ఒకదానికొకటి అంటిస్తే చదును షీటు గుండ్రటి తల అవుతుంది. జాకెట్టుకి డాట్ వేస్తే గుడ్డ ఒంటికి తగ్గట్టు వంపు తిరగదూ, సూత్రం అదే. అందుకే టైలరింగ్ వచ్చిన ఆడవాళ్ళకి ఈ విద్య తొందరగా అబ్బుతుంది.

స్పాంజిని కత్తెరతో కొయ్యకండి. కత్తెర దాన్ని నొక్కి కోస్తుంది, వదిలాక అంచు లోపలికి గుంటపడుతుంది. కొత్త బ్లేడు వేసిన పేపరు కటింగ్ చాకు నిటారుగా పట్టి, ఒత్తకుండా, ఒకే లాగులో పోనివ్వాలి. బ్లేడు ఏమాత్రం మొండిబారినా విరిచి పారెయ్యండి. మొండి బ్లేడు స్పాంజిని చీల్చుతుంది, పట్టు జారితే వేలిని కూడా.

4. జిగురు దగ్గర ఓపిక

తెల్ల ఫెవికాల్ ఇక్కడ పనికిరాదు. అది ఎండితే గట్టిపడుతుంది, అతుకు దగ్గర తల వంగదు. రెగ్జిన్‌కి, చెప్పులకి వాడే రబ్బరు జిగురు కావాలి. మన వైపు కొట్లలో ఫెవికాల్ ఎస్ఆర్ అంటే ఇస్తారు. రెండు అంచులకీ పల్చగా రాయాలి, రాసిన వెంటనే అంటించకూడదు. వేలితో తాకితే జిగట తగలాలి కానీ వేలికి అంటకూడదు, అప్పుడు కలపాలి. ఒకసారి అంటుకుంటే మళ్ళీ ఊడదీసి సర్దడం కుదరదు కాబట్టి ముందు రెండు కొసలూ కలిపి, తర్వాత మధ్య, ఆ తర్వాత మిగతాది నొక్కుకుంటూ రండి.

మండువేసవిలో ఐదు నిమిషాల్లో ఆరేది, శ్రావణంలో ముసురు పట్టినప్పుడు అంతకు మూడింతలు తీసుకుంటుంది. ఉప్పుగాలి తగిలే అంతర్వేది పక్క ఊళ్ళలో ఇంకా ఎక్కువ. గడియారం చూడకండి, వేలితోనే చూడండి. ఈ పని అరుగు మీదో పెరట్లోనో చెయ్యాలి. తలుపులేసుకున్న గదిలో ఆ వాసన పీలిస్తే తల తిరుగుతుంది. పొయ్యి దగ్గరా దీపం దగ్గరా అసలే వద్దు, ఆ జిగురు ఆవిరికి నిప్పంటుకుంటుంది. చిన్నపిల్లల్ని ఆ పూట దూరంగా ఉంచండి.

5. నోరు మూసుకోవాలి

అందరూ నోరు బాగా తెరుచుకోవాలని చూస్తారు. నేను ముందు మూసి చూపించమంటాను. పెదవులు పూర్తిగా కలవని బొమ్మ ఊరుకున్నప్పుడు కూడా ఏదో చెప్పబోతున్నట్టే ఉంటుంది, పిల్లలకి ఎప్పుడు వినాలో తెలియదు.

నోటి అట్ట ఆరంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవు, అంచులు గుండ్రంగా. దీన్ని అడ్డంగా రెండు ముక్కలు చేసి, మధ్యలో ఒక గోధుమగింజ మందం సందు వదిలి, వెనక రెగ్జిన్ పట్టీ అంటించండి. అదే దవడ మడత. సందు వదలకపోతే నోరు పూర్తిగా మూసుకోదు. అట్టగా పాత పరీక్ష ప్యాడ్ కోసి వాడండి. మామూలు అట్టపెట్టె ముక్క నెలలోపే చేతి చెమటకి మెత్తబడిపోతుంది.

అట్ట చుట్టుకొలతలో సగం ఎంతో తల ముందు భాగంలో అంత పొడవు అడ్డచీలిక కొయ్యాలి. ఈ కొలతలకి సుమారు పదంగుళాలు, అంటే తల చుట్టులో సగం. పట్టీ కింది అంచు నుంచి రెండున్నర అంగుళాల పైన కొయ్యండి. అట్ట వెనక పైముక్కకి నాలుగువేళ్ళు దూరేలా ఎలాస్టిక్ పట్టీ, కిందిముక్కకి బొటనవేలికి చిన్న ఉచ్చు కుట్టండి. వేళ్ళు జారకుండా ఉంటేనే దవడ మీ మాట వింటుంది. నోటి లోపల ముదురు మెరూన్ గుడ్డ వెయ్యండి, నాలుక గులాబీ రంగు. నోరు లోతుగా కనబడాలంటే లోపల చీకటిగా ఉండాలి.

6. గుడ్డకి రెండు గుణాలుంటాయి

ఫ్లీస్ ఇక్కడ మీటర్ల లెక్కన అన్ని కొట్లలో దొరకదు. చలికాలం స్వెట్టర్లు అమ్మేవాళ్ళ దగ్గర పసిపిల్లల దుప్పట్లు చూడండి, చాలావాటి గుడ్డ ఇదే. ఒక్క దుప్పటికి తల, ఒళ్ళు, చేతులు అన్నీ వస్తాయి. ఒకే రంగు రెండోసారి కొంటే ఛాయ కలవదు కాబట్టి కావలసిందంతా ఒకేసారి తీసుకోండి.

ఈ గుడ్డ అడ్డంగా బాగా సాగుతుంది, నిలువుగా తక్కువ. సాగే వైపు తల చుట్టూ రావాలి, అప్పుడే ముడతల్లేకుండా పట్టుకుంటుంది. రెండో గుణం నూగు. అరచేత్తో రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురు రాస్తే గరుగ్గా ఉంటుంది. ముఖం మీదా చేతుల మీదా నూగు కిందికే ఉండాలి. ఒక చెయ్యి తిరగేసి కుడితే ఎండలో ఆ చెయ్యి వేరే రంగులో కనిపిస్తుంది.

బండారులంక చేనేత గుడ్డతో చెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. మన ఊరి నేత మీద మమకారం నాకూ ఉంది, కానీ ముఖానికి అది రాదు. నేతగుడ్డ సాగదు, చెంపల దగ్గర ముడత పడుతుంది. పోలిగాడి పంచె, పైకండువా మాత్రం ఆ గుడ్డతోనే కట్టండి, కట్టిన తీరు వెంటనే తెలుస్తుంది.

ఇక కుట్టు. జిమ్ హెన్సన్ అనే అమెరికా ఆయన బొమ్మల కార్ఖానాలో ఒక చేతికుట్టు పద్ధతి పెరిగింది, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అతుకు కనపడకుండా పోవడం దాని గొప్ప. మన ఇళ్ళలో దిండు గలీబు మూసేటప్పుడు వేసే దొంగకుట్టుకి దగ్గరి చుట్టం. రెండు అంచులూ ఎదురెదురుగా పెట్టి, ఒక అంచు మడతలో సూది కొద్దిగా నడిపించి, నేరుగా ఎదుటి అంచులోకి దాటించి, అక్కడా అంతే నడిపించి వెనక్కి రావాలి. నాలుగైదు కుట్లు పడ్డాక దారం లాగితే అంచులు రెండూ కలిసి దారం లోపలికి పోతుంది. తర్వాత సూది మొనతో అతుకు మీద నూగు పైకి లేపి, పాత పళ్ళ బ్రష్‌తో దువ్వండి. గుడ్డ రంగు దారమే వాడండి, రెండు పేటలు. మిషను మీద తొందరగా అవుతుంది నిజమే, కానీ ముఖం మీద మిషను గీత పది అడుగుల దూరానికి కూడా కనిపిస్తుంది. ఒంటికీ చేతులకీ మిషను వాడండి, ముఖానికి మాత్రం సూది, వెలుతురు, ఒక మధ్యాహ్నం కావాలి.

7. కళ్ళు అంటించకండి, గుచ్చి చూడండి

ఈ మధ్య ఒకమ్మాయి బొమ్మ తల పూర్తి చేసుకుని వచ్చింది.

"మాస్టారూ, కళ్ళు ఎక్కడ అంటించమంటారండీ?"

"అంటించకమ్మా. గుండుసూదితో గుచ్చి, గోడ దగ్గర పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి చూడు."

వెళ్ళి చూసింది. "నన్ను చూడట్లేదండీ."

"ఎటు చూస్తున్నాడు?"

"ఎటూ చూడట్లేదండీ."

అదే అసలు సంగతి. కంటిపాప తెల్లగుడ్డు నడిమధ్యన పెడితే చూపు ఎటూ ఉండదు. రెండు పాపల్నీ ముక్కు వైపు ఒక పెసరగింజంత జరపమన్నాను. జరిపి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయి, "ఆయ్, ఇప్పుడు చూస్తున్నాడండీ!" అంది. స్పాంజి అదే, గుడ్డ అదే. మారింది గింజంత దూరం.

కళ్ళకి టేబుల్ టెన్నిస్ బంతి సగానికి కోసి వాడటం పాత పద్ధతి. హెన్సన్ 1955లో తన కెర్మిట్ బొమ్మని వాళ్ళమ్మ పాత కోటు గుడ్డతో చేసినప్పుడు పెట్టింది ఆ సగం బంతులే. ప్రపంచమంతా ఎరిగిన బొమ్మ అలా పుట్టిందని మా దగ్గరికి వచ్చేవాళ్ళకి మొదటి రోజే చెబుతాను, ఖరీదైన సామాను లేదని వెనక్కి తగ్గకుండా. 1969లో అమెరికా టీవీలో సెసమి స్ట్రీట్ మొదలయ్యాక ఈ రకం బొమ్మలే పసిపిల్లలకి అక్షరాలు నేర్పాయి. మన దేశంలో 2006లో దాని హిందీ రూపం గలీ గలీ సిం సిం వచ్చింది, అందులో చమ్కీ అనే బొమ్మ బడికెళ్ళే పిల్ల. అంతకు చాలా ముందే లిజ్జత్ అప్పడాల ప్రకటనలో కుందేలుని రాందాస్ పాధ్యే గారు ఆడించారు. మా తరం వాళ్ళకి ఆ నవ్వు ఇంకా గుర్తే.

హెన్సన్ దగ్గర బొమ్మలు కట్టిన డాన్ సాలిన్, కళ్ళు రెండూ ముక్కూ కలిసి ఏర్పడే త్రిభుజం మీదే శ్రద్ధంతా పెట్టేవాడు. మీరూ ఆ త్రిభుజంతో ఆడుకోండి. కళ్ళు పైకి జరిపితే పోలిగాడు పెద్దవాడవుతాడు, ముక్కు దగ్గరికి దించితే పసివాడవుతాడు. కళ్ళ మధ్య దూరం పెంచితే అమాయకుడు, తగ్గిస్తే గడుసువాడు. పైన ఫ్లీస్ ముక్కతో అర రెప్ప వేస్తే బద్ధకస్తుడు, రెప్ప ముక్కు వైపు వాల్చితే కోపిష్టి. ఒక్కో అమరికకీ ఫోనుతో ఫోటో తీసి, పక్కపక్కన పెట్టి చూడండి. రాత్రి నచ్చింది పొద్దున నచ్చకపోవచ్చు, అందుకే తెల్లారేదాకా గుండుసూదులు తియ్యకండి. పిల్లల చేతికి ఇచ్చేముందు మాత్రం సూదులన్నీ లెక్కపెట్టుకుని తీసి, కళ్ళు జిగురుతో పాటు దారంతో కూడా బిగించండి.

8. జుట్టు, చేతులు

పోలిగాడి పిలకకి కోనసీమలో వేరే వెతకాలా? అంబాజీపేట దాకా కొబ్బరే. పీచు నీళ్ళలో నానబెట్టి, దుమ్ము పోయేదాకా ఉతికి, ఎండబెట్టి, దువ్వెనతో దువ్వండి. నేరుగా తలకి అంటిస్తే రాలుతుంది. ముందు గుడ్డ పట్టీ మీద వరసగా పరిచి మిషను కుట్టు వేసి, ఆ పట్టీని తలకి కుట్టండి.

చేతులకి లోపల పల్చటి స్పాంజి చాలు, మోచెయ్యి దగ్గర ఒట్టి గుడ్డ వదిలితే అక్కడ వంగుతుంది. మణికట్టుకి పాత గొడుగు కమ్మీ బిగించి రెండో చేత్తో ఆడించాలి. కమ్మీ కొసలు రెండూ మడిచి టేపు చుట్టండి.

9. మాట మీ బొటనవేలిలో ఉంది

కొత్తవాళ్ళు నాలుగువేళ్ళూ పైకి ఎత్తుతారు. అప్పుడు మాట మాటకీ బొమ్మ తల వెనక్కి వాలి ఇంటికప్పు చూస్తుంది. పైదవడ కదలకూడదు, బొటనవేలు కిందికి దిగాలి. మనుషులకి కదిలేది కింది దవడే కదా. చెయ్యి పైకెత్తినప్పుడు బొమ్మ చూపు కూడా పైకి పోతుంది, మణికట్టు బాగా ముందుకి వంచితే తప్ప ముందు వరస పిల్లల్ని చూడదు. మొదట్లో మణికట్టు నొప్పి పుడుతుంది. రోజుకి పది నిమిషాలు అద్దం ముందు చాలు.

అక్షరానికి ఒకసారి నోరు తెరవడం మొదటి అభ్యాసం. గో-దా-రి, మూడుసార్లు. తర్వాత వేగంగా మాట్లాడేటప్పుడు అన్నిటికీ తెరిస్తే టపటప కొట్టుకున్నట్టుంటుంది, అప్పుడు ఊనిక ఉన్నచోటే తెరవండి. అ, ఆ, ఐలకి ఎక్కువ, ఇ, ఉలకి కొంచెం. ప, బ, మ వస్తే పెదవులు కలవాల్సిందే. "అమ్మా" అన్నప్పుడు మధ్యలో నోరు మూయకపోతే చూసే పిల్లలు తప్పు పట్టేస్తారు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాక్యం అయిపోయినా నోరు తెరిచే ఉండిపోయే ప్రమాదం మనకి ఎక్కువ. వాక్యం చివర ఒక్క క్షణం ఆగి, మూసి, ఎదుటివాణ్ని చూడనివ్వండి. పిల్లలు జవాబు చెప్పేది ఆ మూసిన క్షణంలోనే. తరగతిలో నోరు విప్పని పిల్లలు పోలిగాడితో మాట్లాడటం నేను చూశాను. వాడు ఎక్కాలు తప్పు చెబితే దిద్దడానికి చివరి బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడతారు.

10. ఎండ, చెమట, వాన

స్పాంజికి ఎండ శత్రువు, పచ్చబడి పొడై రాలుతుంది. చెమట ఇంకో శత్రువు. తల లోపల పాత నూలుపంచె ముక్కతో తొడుగు కుట్టి, విప్పి ఉతుక్కునేలా పెట్టుకోండి. బొమ్మని బకెట్టులో ముంచకండి, తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. పెట్టెలో కుక్కితే ముక్కు చదునవుతుంది. నీళ్ళ సీసాలో ఇసుక పోసి, దాని మీద తల తొడిగి, పైన పల్చటి గుడ్డ కప్పండి. లంక ఊళ్ళలో ఉండేవాళ్ళు వరద రోజులు రాకముందే అటక మీదికి చేర్చెయ్యండి.

11. అట్ట నమూనా దాచండి

తల, నోటి అట్ట, చేతులు, అన్నిటి నమూనాల మీదా పేరు, తేదీ, సాగే దిక్కుకి బాణం గుర్తు రాసి ఒక కవరులో పెట్టండి. పోలిగాడొక్కడే ఎంతసేపని మాట్లాడతాడు, పక్కన బంగారక్క కావాలి. అదే నమూనా మీద పట్టీ చుట్టు రెండంగుళాలు తగ్గించి, దానికి తగ్గట్టు రేకులు, నోటి అట్ట సన్నం చేసి, కళ్ళు ముక్కుకి దూరంగా జరిపి చూడండి. జుట్టుకి ఈసారి పీచు బదులు నల్ల ఊలు వాడి, ముడి వెయ్యండి. చెవులకి గాజుపూసలు కుడితే తల తిప్పినప్పుడల్లా ఊగుతాయి. ఆడించేటప్పుడు ఎవరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు వాళ్ళ వైపే చూడాలి. కాబట్టి బంగారక్క మీ రెండో చేతికి కాకుండా మీ పక్కనున్న ఇంకొకరి చేతికి సరిపోయేలా కొలవండి. ఆ మనిషిని ఇప్పుడే పిలిచి చెయ్యి కొలుచుకోండి.